రెండున్నర లక్షల కోర్సా, హెవీ లైసెన్సా?

ప్రశ్న: సార్, మా అబ్బాయికి 19 ఏళ్లు. మెకానికల్ డిప్లొమా ఈ ఏడాదితో అయిపోతుంది. విమానాలంటే పిచ్చి. ఆరు నెలల 'ఎయిర్‌సైడ్ సేఫ్టీ ఆఫీసర్' కోర్సు చేస్తే భోగాపురం ఎయిర్‌పోర్టులో జాబ్ గ్యారంటీ అని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వెంటపడుతున్నారు. ఫీజు రెండున్నర లక్షలు. నేల మీద మెల్లగా వెళ్లే విమానానికి సేఫ్టీ ఏమిటి, అదీ ఒక ఉద్యోగమేనా అని నా డౌటు. కట్టమంటారా?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: కట్టకండి. కనీసం ఇప్పుడే కట్టకండి.

మీ డౌటు సంగతి ముందు చూద్దాం. ఎయిర్‌సైడ్ అంటే ఎయిర్‌పోర్టులో విమానాలు తిరిగే, ఆగే లోపలి భాగం. విమానయాన చరిత్రలో రెండు విమానాలు ఢీకొని ఎక్కువమంది చనిపోయిన ప్రమాదం ఆకాశంలో జరగలేదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో, పొగమంచులో, రన్‌వే మీదే జరిగింది. ఒక జంబో జెట్ రన్‌వే మీద ఇంకా టాక్సీ చేస్తుండగానే (అంటే నేల మీద మెల్లగా నడుస్తుండగానే) రెండోది కంట్రోల్ టవర్ క్లియరెన్స్ లేకుండా టేకాఫ్ పరుగు మొదలుపెట్టింది. 583 మంది పోయారు. పాతకాలం మాట అనుకోవద్దు. 2024 జనవరి 2న టోక్యో హనెడాలో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీదున్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని గుద్దింది. పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు గానీ కోస్ట్‌గార్డ్ వాళ్లలో ఐదుగురు చనిపోయారు. అదే ఏడాది మార్చిలో మన కోల్‌కతాలో టాక్సీ చేస్తున్న ఇండిగో విమానం రెక్క కొస, ఆగి ఉన్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రెక్కకు తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అయినా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇండిగో పైలట్లను డ్యూటీ నుంచి తప్పించింది.

ఎయిర్‌బస్ ఏ320 రెక్కల వెడల్పు దాదాపు 36 మీటర్లు. చాలా పెద్ద విమానాల్లో పైలట్‌కు తన సీట్లోంచి రెక్క కొస కనపడదు. అందుకే నేల మీద సైగలతో దారి చూపే మార్షలర్, రెక్క పక్కన నడిచే వింగ్ వాకర్, పసుపు గీతలు, టాక్సీవే (రన్‌వేకు వెళ్లొచ్చే దారి) అంచున నీలం లైట్లు, మధ్యలో ఆకుపచ్చవి, రన్‌వే ముందు 'ఆగు' అని చెప్పే ఎర్ర లైట్ల వరుస స్టాప్‌బార్, ఇంత హంగామా.

మీవాడికి ఈ పని సరిపడుతుందో లేదో తేలాలంటే పుష్‌బ్యాక్ ఒక్కటి తెలిస్తే చాలు. టగ్ అనే బండి విమానాన్ని అది ఆగి ఉన్న బే నుంచి వెనక్కి నెడుతుంది. హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి ముక్కు చక్రం దగ్గర నడుస్తూ పైలట్‌తో మాట్లాడుతుంటాడు. టగ్‌నూ విమానాన్నీ కలిపే కడ్డీ (టోబార్) విప్పాక, ముక్కు చక్రం స్టీరింగ్‌కు పెట్టిన పిన్ను పీకి, దానికి వేలాడే ఎర్ర రిబ్బన్ కెప్టెన్‌కు కనిపించేలా పైకెత్తి చూపిస్తాడు. 'నేనూ నా సామానూ తప్పుకున్నాం' అని దానర్థం. ఆ తర్వాతే విమానం కదలాలి. 2015 డిసెంబర్‌లో ముంబైలో, హైదరాబాద్ రావాల్సిన ఎయిర్ ఇండియా విమానం టెక్నీషియన్ తప్పుకోకముందే కదిలింది. ఆయన్ను ఇంజిన్ లోపలికి లాగేసింది. ఇంజిన్ మోతలో, ఎండలో వానలో, రాత్రి మూడింటికి కూడా ఆ పిన్ను దగ్గర తొందరపడని స్వభావం మీవాడికుందా? నన్నడిగితే సర్టిఫికెట్ కన్నా అదే ముఖ్యం. ఫ్లైట్ లేటవుతోందని పైనుంచి ఎంత టెన్షన్ పెట్టినా 'ఆగండి' అని చెయ్యి అడ్డం పెట్టగలగాలి.

ఇక ఆ కోర్సు. సేఫ్టీ ఆఫీసర్ కుర్చీలోకి ఆరు నెలల చదువుతో ఎవరూ నేరుగా రారు. ర్యాంప్ (విమానాలు ఆగే చోటు) మీదో, మెయింటెనెన్స్‌లోనో, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్)లోనో ఏళ్లు గడిపినవాళ్లను అక్కడికి తెస్తారు. ఎయిర్‌సైడ్‌లో అడుగుపెట్టడానికి కావలసిన ఎంట్రీ పాస్, బండి నడిపే పర్మిట్ ఉద్యోగంలో చేరాక కంపెనీ ద్వారానే వస్తాయి, ఇన్‌స్టిట్యూట్ ఇప్పించలేదు. 'గ్యారంటీ' ఇచ్చే కంపెనీ ఏదో పేరు చెప్పి కాగితం మీద రాసివ్వమనండి. చాలాసార్లు ఫోన్లు అక్కడితో ఆగిపోతాయి.

డిప్లొమాతో నేరుగా వెళ్లే దారి గ్రౌండ్ హ్యాండ్లింగ్, అంటే నేల మీదున్న విమానానికి చేసే పనులు. ఏఐ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్ తన నోటిఫికేషన్లలో ర్యాంప్ సర్వీస్ ఎగ్జిక్యూటివ్ అనే పోస్టు ఇస్తుంటుంది. మెకానికల్ డిప్లొమా సరిపోతుంది, దాంతోపాటు హెవీ డ్రైవింగ్ లైసెన్స్ అడుగుతారు. కాంట్రాక్టు ఉద్యోగం, జీతం మొదట్లో మామూలే, షిఫ్టులు తప్పవు. శంషాబాద్‌లో ఎయిర్ ఇండియా శాట్స్ లాంటి సంస్థలు కూడా మనుషుల్ని తీసుకుంటాయి.

ఇంకో నాలుగేళ్లు ఓపిక పట్టగలిగితే ఏటీసీ మంచిది. విమానాన్ని ఏ టాక్సీవే మీదుగా పంపాలో, ఎక్కడ ఆపాలో చెప్పేది వాళ్లే. డిప్లొమా వాళ్లకుండే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరి, తర్వాత ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్ష రాయొచ్చు. అయితే ఒక మెలిక ఉంది. ఏదో ఒక సెమిస్టర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి ఉండాలని ఆ నోటిఫికేషన్ అడుగుతుంది. ఈసెట్ పిల్లలు మొదటి ఏడాది చదవరు కదా, ఫిజిక్స్ అక్కడే పోతుంది. చేరేముందే కాలేజీ సిలబస్‌నూ, పాత నోటిఫికేషన్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. గరిష్ఠ వయసు 27 అని కూడా గుర్తుంచుకోండి.

ఏ దారైనా కళ్ల డాక్టర్‌కు చూపించి కలర్ విజన్ టెస్ట్ చేయించండి. పైన చెప్పిన లైట్ల రంగులు తేడా తెలియకపోతే ముందుకెళ్లి లాభం లేదు.

ఈ నెలలోనే మీవాడి చేత కారు లైసెన్స్‌కు అప్లై చేయించండి. అది వచ్చి ఏడాది నిండాక, 20 ఏళ్లు దాటి ఉంటేనే హెవీకి అప్లై చేయనిస్తారు. ఆలస్యమైన ప్రతి నెలా ఆ హెవీ లైసెన్సు నెల వెనక్కి జరుగుతుంది.