అండమాన్‌లో ఆరు రోజులు: కారా, స్కూటీనా?

ప్రశ్న: మాది కరీంనగర్. జనవరిలో నేను, మా ఆవిడ, 16 ఏళ్ల అబ్బాయి, పదేళ్ల పాప, 68 ఏళ్ల మా అమ్మ కలిసి ఆరు రోజులు అండమాన్ వెళ్తున్నాం. హైదరాబాద్ నుంచి విమాన టికెట్లు, హోటళ్లు బుక్ అయ్యాయి. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి పేరు శ్రీ విజయపురం), హావ్‌లాక్ ద్వీపం (స్వరాజ్ ద్వీప్), నీల్ ద్వీపం (షహీద్ ద్వీప్) మూడు చోట్లా ఆరు రోజులూ ఏసీ కారుకు ఏజెంటు రూ. 36,000 అడుగుతున్నాడు. ఫెర్రీ టికెట్లు వేరు, మనిషికి ఒక్కో ప్రయాణానికి రూ. 1,500. రెండు స్కూటీలు అద్దెకు తీసుకుంటే రోజుకు ఒక్కోదానికి రూ. 600 చొప్పున సరిపోతుందని, పాతిక వేలకు పైగా మిగులుతుందని నా మిత్రుడు అంటున్నాడు. మా అబ్బాయి స్కూటీ బాగా నడుపుతాడు. లైసెన్సు నాకొక్కడికే ఉంది. ఏది మేలు? ఈ బిల్లులు ఎల్‌టీఏలో (జీతంతో వచ్చే సెలవు ప్రయాణ భత్యం) పెట్టుకోవచ్చా?

జవాబు: ముందు ఒక కాగితం తీసుకుని ఆరు రోజుల్లో రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో రాయండి. నేను రాసి చూశాను. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం ఊళ్లోనే ఉన్నట్టు లెక్క, నాలుగైదు కిలోమీటర్లలో హోటల్ చేరతారు. సెల్యులార్ జైలు కూడా ఊళ్లోనే. హావ్‌లాక్‌లో జెట్టీ (పడవలు ఆగే రేవు) నుంచి బాగా దూరమంటే రాధానగర్ బీచ్, సుమారు 12 కిలోమీటర్లు. ఎలిఫెంట్ బీచ్‌కు పడవలో వెళ్తారు, లేదంటే అడవిలో నడుస్తారు. కారు బీచ్‌దాకా పోదు. నీల్ అయితే ద్వీపం మొత్తం ఆ కొస నుంచి ఈ కొసకు అయిదారు కిలోమీటర్లు. అన్నీ కలిపితే మీ ఆరు రోజుల ప్రయాణం 100 కిలోమీటర్లకు అటూ ఇటూ. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లేంత దూరం కూడా లేదు. దానికి 36,000 అంటే కిలోమీటరుకు 360 రూపాయలు.

ఏజెంటు మోసం చేస్తున్నాడని కాదు. ‘ఆరు రోజులూ కారు’ అనగానే మన కళ్ల ముందు ఒకే బండి, ఒకే డ్రైవరు మెదులుతారు. కానీ మీరెక్కే ఫెర్రీలో కారు రాదు కదా. ప్రతి ద్వీపంలో వేరే బండి, వేరే మనిషి. మీరు ద్వీపం మారే రోజున ఆ కారు చేసే పనల్లా హోటల్ నుంచి జెట్టీ దగ్గర దింపడం, అవతలి ఒడ్డున ఇంకో కారు ఎక్కించుకోవడం. అరగంట పనికి రోజు కూలీ ఇస్తున్నట్టు. పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న రాస్ ద్వీపానికి వెళ్లిన పూట కూడా అంతే, మీరు పడవలో ఉంటారు, కారు ఎండలో ఉంటుంది.

ఇక మీ మిత్రుడి లెక్క. రెండు స్కూటీలు, ఆరు రోజులు, రూ. 7,200. పెట్రోలు 1,500 వేసుకుందాం. 8,700. వినడానికి బాగానే ఉంది. మరి సామాను? అయిదుగురి సూట్‌కేసులు స్కూటీ ముందు పెట్టుకుని జెట్టీకి వెళ్లలేరు. విమానాశ్రయం, హోటళ్లు, జెట్టీల మధ్య మొత్తం ఎనిమిది సార్లు కారు పిలవాల్సిందే. ఒక్కోసారికి 500 అనుకుంటే 4,000. అప్పుడు మిత్రుడి లెక్క 12,700 అయింది. ఫెర్రీ రోజులు వదిలేసి నాలుగు రోజులకే స్కూటీలు తీసుకున్నా, పెట్రోలుతో కలిపి పదివేలకు కాస్త తక్కువలో తేలుతుంది.

ఇప్పుడు మూడో దారి చూడండి. ఏ పూటకు ఆ పూట కారు మాట్లాడుకోవడం. పై ఎనిమిది ప్రయాణాలకు 4,000. రాధానగర్‌కు రానుపోను, వెయిటింగ్‌తో 1,500. హావ్‌లాక్‌లోనే ఉన్న కాలాపత్తర్ బీచ్‌కు 1,000. నీల్‌లో పూట కారు 2,000. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో పూట కారు 2,000. మొత్తం 10,500. ఇవి నేను వేసుకున్న అంచనాలు. మీరు మూడు హోటళ్లకూ ఫోన్ చేసి అసలు రేట్లు రాసుకోండి. ఒక్కో హోటల్‌కు ఒక ఫోన్ కాల్, అంతే. పైన మరో 3,500 చేతిలో ఉంచుకున్నా 14,000 దాటదు. ఏజెంటు ధరలో సగం కూడా కాదు, స్కూటీలకు దీనికి పెద్ద తేడా లేదు.

తేడా లేనప్పుడు స్కూటీ వద్దని ఎందుకు గట్టిగా అంటున్నానో చెప్తాను. మీరు అయిదుగురు, స్కూటీలు రెండు. అంటే ఒకదాని మీద ముగ్గురు. అది మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. రెండో స్కూటీ మీ అబ్బాయి నడపాలి. పదహారేళ్లకు దొరికే లైసెన్సు 50 సీసీ దాటని, గేర్లు లేని బండ్లకు మాత్రమే. అద్దెకిచ్చే స్కూటీలు దాదాపుగా 110 సీసీ, ఆపైనవే. మైనర్ నడుపుతూ దొరికితే 2019 సవరణ తర్వాత తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి రూ. 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు శిక్ష కూడా పడొచ్చు. పట్టుబడిన పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ‘అక్కడ ఎవరు పట్టుకుంటారు’ అని మీ మిత్రుడు అనొచ్చు. పోలీసు పట్టుకోవడం కంటే నాకు భయమైంది ప్రమాదం. లైసెన్సు లేని మనిషి ఎవరినైనా గుద్దితే, బీమా కంపెనీ బాధితులకు డబ్బు కట్టాల్సి వచ్చినా దాన్ని బండివాళ్ల నుంచి తిరిగి వసూలు చేసుకునే హక్కు అడుగుతుంది. అది లక్షల్లో ఉంటుంది. ఆరు రోజుల సెలవు కోసం పిల్లాడి పదేళ్ల జీతం తాకట్టు పెట్టినట్టు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బండి బీమాతో పాటు తప్పనిసరిగా తీసుకునే రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది కదా, అది బండి యజమాని తానే నడుపుతుంటే వర్తించేది. అద్దెకు తీసుకుని నడిపే మీకు దానిలో పైసా రాదు. మీ సొంత పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉంటేనే రక్షణ. అది లేకపోతే ఈ ప్రయాణం కోసమని కాకుండా, ఎలాగూ ఉండాల్సిందని తీసుకోండి. ఈలోపు కనీసం ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన పెట్టించండి. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి రూ. 20 పోతుంది, ప్రమాద మరణానికి 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు కాబట్టి మీ అమ్మగారికి కూడా ఇప్పుడు వస్తుంది.

అయినా మీకు స్కూటీ మీద గాలి తగిలించుకోవాలనే సరదా ఉంటే, కాదనను. హావ్‌లాక్‌లో ఒక్క రోజు, ఒక్క స్కూటీ, మీరు నడపండి, వెనకాల మీ ఆవిడో అబ్బాయో. నంబరు ప్లేటు నలుపు మీద పసుపు అక్షరాలతో ఉండాలి, అది అద్దె కోసం రిజిస్టరైన బండికి గుర్తు. తెల్ల ప్లేటు బండి అయితే సొంత వాడకానికి రిజిస్టరైంది, అద్దెకివ్వడమే తప్పు, ఏదైనా జరిగితే బీమా క్లెయిము మీద బీమా కంపెనీ వేలెత్తి చూపుతుంది. ఇద్దరికీ హెల్మెట్లు అడిగి తీసుకోండి. తీసుకునేటప్పుడు బండి చుట్టూ ఫోన్‌లో వీడియో తీయండి. నాకు ఒకసారి ఒక ద్వీపంలో ఇలాగే అప్పటికే ఉన్న గీతకు 1,500 కట్టించుకున్నారు, నా దగ్గర ఫొటో లేదు, ఫెర్రీకి టైమైంది, నోరు మూసుకుని ఇచ్చాను. అసలు లైసెన్సుగానీ ఆధార్‌గానీ వాళ్ల చేతిలో పెట్టకండి, జిరాక్స్ ఇవ్వండి.

ఇంకొకటి, అండమాన్‌లో చీకటి చాలా తొందరగా పడుతుంది. మన గడియారమే వాళ్లదీ, కానీ ద్వీపాలు దేశానికి తూర్పు కొసన ఉన్నాయి. జనవరిలో అయిదు దాటీ దాటకముందే సూర్యుడు మునుగుతాడు. రాధానగర్‌లో అందరూ సూర్యాస్తమయం చూడ్డానికే పోతారు, చూసి వెనక్కి తిరిగేసరికి చీకటి. ఆ సమయంలో తిరుగు ఆటో దొరుకుతుందని ఎవరూ మాట ఇవ్వరు. అందుకే నేను పైన వెయిటింగ్ డబ్బు వేసింది. అక్కడ ఓ 300 మిగిల్చుకుందామనుకుంటే పాపతో, అమ్మగారితో రోడ్డు పక్కన నిలబడాల్సి వస్తుంది.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. మీరు పంపిన ప్లాను చూశాను. ఆరో రోజు ఉదయం నీల్ నుంచి ఫెర్రీ, మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్ నుంచి విమానం. ఇది మార్చండి. కారు, స్కూటీల మీద మనం ఇంత లెక్క వేసినా, ఈ ఒక్కటే దాన్నంతా మింగేయగలదు. జనవరిలో సముద్రం సాధారణంగా ప్రశాంతంగానే ఉంటుంది, నిజమే. కానీ గాలి ఎక్కువైనా, పడవలో లోపం వచ్చినా ఫెర్రీ ఆలస్యమవుతుంది లేదా రద్దవుతుంది. ఫెర్రీవాళ్లు మీ ఫెర్రీ టికెట్ డబ్బులు వాపసు ఇస్తారేమో గాని, విమానం తప్పితే ఆ నష్టం మీదే. అప్పటికప్పుడు ఒక్కో టికెట్టు పదివేలు అనుకున్నా అయిదుగురికి 50,000, ఒక రాత్రి హోటలు అదనం. అయిదో రోజు మధ్యాహ్నమే పోర్ట్ బ్లెయిర్ వచ్చేసి, చివరి రాత్రి అక్కడ పడుకోండి. నీల్ హోటల్‌లో ఒక రాత్రి రద్దు చేస్తే ఎంత పోతుందో ఇవాళే అడగండి, రెండు మూడు వేలు పోయినా పర్వాలేదు.

ఫెర్రీల సంగతికొస్తే, మనిషికి 1,500 అన్నది ప్రైవేటు కాటమరాన్ (వేగంగా పోయే పడవ) ధర. మూడు ప్రయాణాలు, అయిదుగురు, రూ. 22,500. ప్రభుత్వ ఫెర్రీ టికెట్టు దానిలో చిన్న ముక్క మాత్రమే. ద్వీపవాసులకు అది మన పల్లెవెలుగు బస్సు లాంటిది, వాళ్ల అవసరాల తర్వాతే మనం. సీట్లు అయిపోవడం మామూలే, పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు ప్రైవేటు పడవ గంటన్నరలో పోతే ఇది రెండున్నర గంటల దాకా తీసుకుంటుంది. మీ కుటుంబంలో ఎవరికైనా పడవ ఎక్కితే వాంతులయ్యే అలవాటు ఉంటే, బయట డెక్ మీద నిలబడి గాలి పీల్చుకునే వీలు ప్రభుత్వ ఫెర్రీలో ఉంటుంది. ప్రైవేటువి చాలావరకు అద్దాలు బిగించిన ఏసీ గదుల్లా ఉంటాయి. హావ్‌లాక్ నుంచి నీల్‌కు దూరం తక్కువ కాబట్టి ఆ ప్రయాణానికి ప్రభుత్వ టికెట్టు దొరికితే తీసుకోండి, అయిదారు వేలు మిగులుతాయి. మిగతా రెండింటికీ, ముఖ్యంగా తిరుగు ప్రయాణానికి, ముందే ప్రైవేటు బుక్ చేసుకోండి. పెద్దావిడతో అక్కడ కక్కుర్తి పడకండి.

ఎల్‌టీఏ గురించి: మీరు పాత పన్ను విధానంలో ఉంటేనే దానికి మినహాయింపు. కొత్త విధానంలో ఉంటే ఈ ప్రశ్నే లేదు. పాత విధానంలో కూడా ఊరి నుంచి గమ్యానికి అతి దగ్గరి దారిలో వెళ్లిన ప్రయాణ ఛార్జీలకే, విమానమైతే ఎకానమీ తరగతి వరకే వస్తుంది. అక్కడ తిరిగిన కార్లు, స్కూటీ అద్దె, హోటలు, తిండి దేనికీ రాదు. నాలుగేళ్ల బ్లాకులో రెండు ప్రయాణాలు. మీ అమ్మగారు మీ మీద ఆధారపడి ఉన్నట్టయితే ఆవిడ టికెట్టు కూడా కలుస్తుంది. విమానం బోర్డింగ్ పాసులు దాచిపెట్టుకోండి, ట్యాక్సీ రసీదుల కోసం డ్రైవర్లను వేధించొద్దు.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. ఫోన్ సిగ్నల్ 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక బాగుపడింది గాని, హావ్‌లాక్, నీల్‌లలో యూపీఐని పూర్తిగా నమ్ముకోలేం. ఏటీఎంలూ తక్కువ. పోర్ట్ బ్లెయిర్‌లోనే పదివేల దాకా తీసి, అందులో ఎక్కువ వందలు, రెండొందల నోట్లుగా ఉంచుకోండి. 500 నోటు చూపిస్తే చిల్లర లేదనడం అక్కడా ఉంది.

బేరం ఆడటానికి భాష సమస్య అనుకోకండి. అండమాన్‌లో పదిమందిలో ఒకరికి మించి తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లే, ఉత్తరాంధ్ర తీరం నుంచి తరాల క్రితం వెళ్లిన కుటుంబాలు ఎన్నో. జెట్టీ దగ్గర రెండు నిమిషాలు నిలబడి తెలుగులో మాట్లాడుకుంటే చాలు, ఎవరో ఒకరు ‘ఏ ఊరండీ మీది’ అని పలకరిస్తారు. రేటు వాళ్లనే అడగండి. రాస్ ద్వీపంలో ఎత్తుపల్లాలు ఎక్కువ, పెద్దవాళ్ల కోసం బ్యాటరీ బండ్లు ఉంటాయి. మీ అమ్మగారిని నడిపించకుండా అందులో ఎక్కించండి, ఆ డబ్బు దగ్గర మాత్రం లెక్క చూసుకోకండి.