ఇద్దరే నడిపే స్థానిక పత్రికకు ఏఐ ఎక్కడ పనికొస్తుంది?

"మాది ఇద్దరం నడిపే స్థానిక పత్రిక, ఏఐతో వార్తలు రాయించొచ్చా?" అని అడిగారు. రాయించకండి. రికార్డింగులు వినే పని అప్పజెప్పండి.

నేనూ అలాంటి పత్రికలోనే పనిచేస్తాను. కౌన్సిల్ సమావేశం మూడు గంటలకు తక్కువ సాగదు. వెళ్లి కూర్చునే తీరిక లేక, రికార్డింగ్ అంతా వినే ఓపిక లేక సగం సమావేశాలు వదిలేసేవాళ్లం. ఇప్పుడు ఆడియోను సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే అక్షరాల్లో పెట్టి, పక్కన సమయం కూడా వేస్తుంది. 'టెండర్', 'డ్రైనేజీ' అని వెతికి నేరుగా అక్కడికే వెళ్తాను. అమెరికాలో మిషిగన్ రేడియో వాళ్లు 'మినిట్స్' పేరుతో నగర కౌన్సిళ్ల సమావేశాలకు చేసింది ఈ పనే. 2022లో వచ్చిన విస్పర్ లాంటి, మాటను అక్షరాల్లో పెట్టే సాఫ్ట్‌వేర్లు ఉచితం, సొంత కంప్యూటర్లోనే నడుస్తాయి. పేరు చెప్పొద్దని మాట్లాడినవాళ్ల గొంతు బయటి సర్వర్లకు పోకుండా ఉంటుంది.

అయితే ఒకసారి నా పరువు పోయేంత పనైంది. ఒక పనుల ప్రతిపాదన మీద అధ్యక్షుడు "ఇప్పుడే ఆమోదించం" అన్నాడు. నేను వాడే సాఫ్ట్‌వేర్‌కి అది "ఇప్పుడే ఆమోదించాం" అని వినబడింది. ఒక్క దీర్ఘం! దాన్ని పట్టుకుని సారాంశం రాసే ఏఐ 'ఏకగ్రీవంగా ఆమోదం' అని కూడా తగిలించింది. ఏకగ్రీవం మాట ఎక్కడి నుంచి తెచ్చిందో దానికే తెలియాలి. హెడ్డింగ్ కూడా పెట్టేశాక, కింద "వచ్చే సమావేశంలో చూద్దాం" అన్న మాట కంటబడి అనుమానమొచ్చింది. వెనక్కి తిప్పి వింటే సంగతి తెలిసింది.

అప్పటి నుంచి నిర్ణయం, అంకె, ఎవరైనా అన్న మాట అచ్చుకెళ్లాలంటే ఆ చోటు చెవులతో వింటాను, ముందు వెనక అర నిమిషం కలిపి. క్రియ చివర మరీ జాగ్రత్త. ఇంటిపేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, సభ్యుల జాబితా పక్కన పెట్టుకుని దిద్దుకోవాల్సిందే.

రాయించొద్దని ఎందుకన్నానంటే, 2023లో అమెరికాలోని పెద్ద వార్తాపత్రికల సంస్థ గానెట్ పత్రికల్లో ఏఐ రాసిన స్కూలు ఆటల వార్త ఒకటి జట్టు పేరు పడాల్సిన చోట బ్రాకెట్లలో ఖాళీ గుర్తుతోనే బయటికొచ్చింది. అంత పెద్ద సంస్థలోనే చూసుకునే మనిషి లేకపోతే మన ఇద్దరి పత్రికలో ఎవరు చూస్తారు?

ముందు మీరు స్వయంగా కూర్చున్న పాత సమావేశం ఒకటి ఇచ్చి చూడండి. అది ఎక్కడెక్కడ తప్పు వింటుందో ఒక్క సాయంత్రంలో తెలిసిపోతుంది.