తలకి దెబ్బ తగిలినా లేచి నడుస్తున్నాడు కదా అని ఊరుకోకండి

"తలకి దెబ్బ తగిలిన మొదటి గంటల్లో మెదడులో రక్తనాళాలకీ నరాలకీ ఏమవుతుంది? మనిషి మామూలుగా మాట్లాడుతుంటే కూడా భయపడాలా?" అని అడిగారు. భయపడాలండీ. నేను డాక్టర్ని కాను, రామచంద్రపురం దగ్గర ఎరువుల కొట్టు నడుపుకుంటాను. కానీ మా బావ పుణ్యమా అని ఈ విషయంలో ఎవరితోనైనా వాదనకి కూర్చుంటాను.

రెండేళ్ళ కిందట, దాళ్వా కోతలప్పుడు. ఆ రోజుల్లో మా వైపు రోడ్డంటే సగమే రోడ్డు, మిగతా సగం ధాన్యం. తేమ 17 శాతం దాటితే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు, కళ్ళాలేమో లేఔట్లు అయిపోయాయి, రైతు మాత్రం ఎక్కడ ఆరబోస్తాడు? ఆరబోసినందుకు తిట్టను. బరకం ఎగిరిపోకుండా అంచున బండరాళ్ళు పెట్టి, చీకటి పడ్డాక ఒక్క లైటైనా పెట్టకుండా ఇంటికి పోయిన వాణ్ణి మాత్రం తిడతాను.

బావ బండి ఆ రాయెక్కింది. వెల్లకిలా పడ్డాడు. హెల్మెట్టంటారా, అద్దానికి వేలాడుతోంది. తనే లేచాడు, చొక్కాకంటిన గింజలు దులుపుకున్నాడు, "ధాన్యం బాగానే ఆరిందిరోయ్" అని జోకేశాడు. ఎవరో గోళీసోడా పట్టారు. ఎక్కడో కాంపౌండరుగా చేసొచ్చి బోర్డు పెట్టుకున్న ఒకాయన తల వెనక మూడు కుట్లేసి, నెప్పికొకటి, వాపుకొకటి సూదులిచ్చి పంపేశాడు.

ఎనిమిదిన్నరకి అన్నం దగ్గర అడిగాడు, "బండి స్టాండేశానా?" అని. వేశావు బావా అన్నాను. చారు కలుపుకుంటూ మళ్ళీ అడిగాడు. మజ్జిగలోకి వచ్చేసరికి మళ్ళీ. అదే మాట, అదే గొంతు, అప్పుడే గుర్తొచ్చినట్టు. మేం నవ్వాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. పావుతక్కువ పదికి వాంతి చేసుకున్నాడు. అక్క మా ఎవర్నీ అడక్కుండా 108కి ఫోన్ చేసింది.

కాకినాడలో పదకొండున్నరకి స్కాన్ తీస్తే నుదుటి వెనక మెదడులో పెసరగింజలంత రెండు మచ్చలు. పడింది వెనక్కయితే చితికింది ముందేంటండీ అన్నాను. పుర్రె టక్కున ఆగినా లోపల మెదడు ఆగదట, ఊగిపోయి ముందువైపు ఎముక గరుకులకి ఒరుసుకుంటుందట. తెల్లారి ఆరింటికి మళ్ళీ తీశారు. అవే మచ్చలు ఉసిరికాయలంతయ్యాయి! రాత్రంతా మంచం మీదే ఉన్నాడు మరి, కొత్తగా దెబ్బేం తగల్లేదు.

నేను మొత్తుకునేది అదే. దెబ్బ ఒక్క క్షణం, గాయం మాత్రం గంటల తరబడి అవుతూనే ఉంటుంది. మెదడులో సన్న రక్తనాళాల గోడల్లో కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. దెబ్బకి ఆ అతుకులు సడలి, కొద్ది గంటల్లోనే రక్తంలోని నీరు, ప్రొటీన్లు మెదడులోకి దిగుతాయి. గోదారి వరదకి గట్టు తెగకపోయినా ఇవతల ఊట పడుతుంది చూడండి, అలాగ. పుర్రె సాగేది కాదు కాబట్టి ఊరేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే పైకి రక్తం ఎక్కదు. మామూలప్పుడు బీపీ కాస్త అటూ ఇటూ అయినా ఈ నాళాలే బిగుస్తూ వదులవుతూ, మన కాలవ లాకుల్లాగ, రక్తాన్ని సమంగా వదులుతాయి. దెబ్బతిన్న చోట ఆ లాకు పనిచెయ్యదు. అందుకే బావకి బీపీ పడిపోకుండా కాపలా కాశారు, తలవైపు మంచం 30 డిగ్రీలు ఎత్తారు. ఒంటి బరువులో 2 శాతమున్న మెదడు 20 శాతం ఆక్సిజన్ వాడేస్తుంది, కాస్త కొరతొచ్చినా ఓర్చుకోదు.

నరాల సంగతి ఇంకో రకం. చితికిన కణాల నుంచి గ్లుటమేట్ అనే రసాయనం ఒలికిపోయి, పక్క కణాల్లోకి కాల్షియం తోసుకొచ్చి, బాగున్నవి కూడా చస్తాయి. ఆక్సాన్లనే పొడుగాటి తీగలు చాలావరకు అప్పటికప్పుడు తెగవు. సాగి, లోపల రవాణా ఆగిపోయి, ఉబ్బి, ఎన్నో గంటలకి తెగుతాయి. అవి మామూలు సీటీలో కనపడనే కనపడవు. స్కాన్ నార్మల్ అన్నారని స్వీట్లు పంచేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది అందుకే.

ఇంతకీ ఆ వాపు సూది ఏంటో చీటీ చూస్తే స్టెరాయిడ్. తల దెబ్బకి స్టెరాయిడ్ ఇస్తే చావులు పెరుగుతున్నాయని 2004లోనే, పదివేల మంది రోగులతో చేసిన క్రాష్ అనే ట్రయల్లో తేలింది. మా వీధికి ఆ కబురు ఇంకా రాలేదు. ఆ మచ్చలు పెరగడానికి సగం కారణం ఆ సూదేనని నా నమ్మకం. ఒక్క సూదికి అలా చెప్పలేమండీ అన్నారు కాకినాడ డాక్టరుగారు. ఆయన అలాగే అంటారు లెండి.

ఆపరేషన్ లేకుండానే పదకొండో రోజు ఇంటికొచ్చాడు. లెక్కలు రాసుకుంటున్నాడు, బండి నడుపుతున్నాడు, హెల్మెట్ నెత్తి మీదే ఉంటోంది. వాసన మాత్రం పోయింది. ముక్కు పైన ఎముక జల్లెడలోంచి మెదడుకి వెళ్ళే సన్న నరాలు ఆ ఊపుకి అక్కడికక్కడే తెగుతాయట. మొన్న అక్క ఆవకాయ కలుపుతుంటే పక్కనే కూర్చుని, "ఆవపిండి వేశావా ఇంకా?" అని అడిగాడు. బేసిన్ ఆయన ఒళ్ళోనే ఉంది.