కళ్ళజోడు పెట్టుకుందని మా ఐదేళ్ళ పాపని బడిలో ఏడిపిస్తున్నారు. డిస్నీ ‘అగ్లీ డక్లింగ్’ (అందవికారి బాతుపిల్ల) కార్టూన్లు రెండు కనబడుతున్నాయి, తనకి ఏది చూపించాలి?

1939లో వచ్చిన రంగుల కార్టూన్ చూపించండి. 1931 నాటి నలుపు తెలుపు దాంట్లో కథ వేరు. కోడిపిల్లలతో పాటు పుట్టిన బాతుపిల్లని తల్లికోడి దగ్గరికి రానివ్వదు. వరదలో కొట్టుకుపోతున్న కోడిపిల్లల్ని అది కాపాడాకే అక్కున చేర్చుకుంటుంది. పనికొస్తేనే మనవాడన్నమాట! కళ్ళజోడు పెట్టుకుందని బడిలో ఏడిపిస్తున్నారని రాశారు కదా, ఆ పిల్లకి ఇది అక్కర్లేదు.

1939ది తొమ్మిది నిమిషాలే. మాటలు లేనట్టే, అంతా బాతుల అరుపులూ సంగీతమూ. ఇంగ్లీషు రాకపోయినా ఇబ్బంది లేదు. కానీ పక్కన కూర్చోండి. మిగతా బాతుపిల్లల్లా కాకుండా ఒక గుడ్డులోంచి తెల్లపిల్ల (నిజానికి హంసపిల్ల) రాగానే తల్లీతండ్రీ పోట్లాడుకుని తండ్రి విసవిసా వెళ్ళిపోతాడు. అది పెద్దవాళ్ళ కోసం పెట్టిన హాస్యం. పిల్లలకి మాత్రం ‘దాన్ని చూసే నాన్న వెళ్ళిపోయాడు’ అని తడుతుంది. అడక్కపోయినా అక్కడ మీరే మాట కలపండి.

తప్పకుండా ఆపాల్సింది ఆ తెల్లపిల్ల నీళ్ళలో ముఖం చూసుకునే చోట. అలలకి నీడ వంకర్లు పోతుంటే అదే తన రూపమనుకుని హడలిపోతుంది. పాజ్ చేసి, వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, వేలితో కదిపి పాప ముఖం పాపకే చూపించండి. నీళ్ళు నిలకడయ్యేదాకా ఆగి మళ్ళీ చూడమనండి. వంకర నీళ్ళది గానీ తన ముఖానిది కాదని, ఎంత చెప్పినా ఎక్కనిది దీంతో ఎక్కుతుంది.

తర్వాత నీళ్ళమీద తేలే కొయ్యబాతుని అమ్మలా అనుకుని ఆడుకుంటుంటే, అది ఊగి ముక్కుతో కొడుతుంది. పాప ఏడ్చినా అక్కడ కట్టెయ్యకండి, హంసలు వచ్చేది ఆ వెంటనే.

చిక్కల్లా ముగింపుతోనే. దీనికి మూలం, డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1843లో రాసిన కథలో అది చలికాలమంతా అవస్థపడి, పెరిగి హంసవుతుంది. కార్టూన్‌లో పెరగదు, పిల్లగానే తన జాతివాళ్ళని కలుసుకుంటుంది. కాబట్టి ‘పెద్దయ్యాక నువ్వూ అందంగా తయారవుతావు’ అనకండి, ఇప్పుడు బాగాలేవన్నట్టే అవుతుంది. పైగా కళ్ళజోడు పిల్లకి వెళ్ళి కలవడానికి వేరే హంసల గుంపేదీ ఉండదు, రేపు అదే తరగతిలో కూర్చోవాలి.

అందుకే మర్నాడు 1938 నాటి డిస్నీ కార్టూన్ ‘ఫెర్డినాండ్ ద బుల్’ కూడా చూపించండి, అది ఫెర్డినాండ్ అనే ఎద్దు కథ. మిగతా దూడలు కుమ్ముకుంటుంటే ఫెర్డినాండ్ చెట్టుకింద పూలు వాసన చూస్తూ కూర్చుంటుంది, వాళ్ళమ్మ సరేనని వదిలేస్తుంది. ఆ చెట్టుకి సీసా బిరడాలు గుత్తులుగా వేలాడతాయి, పిల్లలు పట్టేస్తారు. ఇందులో కథ చెప్పే గొంతు ఇంగ్లీషు, మ్యూట్ చేసి మీరే తెలుగులో చెప్పండి. తేనెటీగ కుట్టి గంతులేసేసరికి దాన్ని పోట్లగిత్త అనుకుని, ఎద్దుతో మనిషి పోరాడే ఆటకి స్పెయిన్‌లోని మాడ్రిడ్‌కి తోలుకుపోతారు. బరిలో నెత్తురు కనబడదు. ఫెర్డినాండ్ పోట్లాడకపోతే ఏడ్చేది ఎద్దు కాదు, దాంతో పోరాడాల్సిన మాటడోర్!