మార్త అడిగినట్టే అడగండి

"అక్కా, నాకు 37 ఏళ్లు. బాపట్ల దగ్గర పల్లె మాది. మా ఆయన ప్రైవేటు బస్సు డ్రైవరు. కడుపులో నొప్పి అని చూపిస్తే క్యాన్సర్ అన్నారు, అప్పటికే లివర్‌కి పాకింది. ఎనిమిది నెలలు ఆసుపత్రుల చుట్టూ తిరిగాం. మందులూ ఆపలేదు, ప్రార్థనా ఆపలేదు. నేను 40 రోజులు ఉపవాసం ఉన్నాను. కూటాలకి వచ్చిన ఒక దైవజనుడు ఆయన తల మీద నూనె రాసి 'స్వస్థత వచ్చేసింది, నమ్ము' అన్నారు. నమ్మాను. నవంబరులో ఆయన చనిపోయారు. ఆదరణ కూడికలో మా ఆడపడుచు అందరి ముందూ 'వదిన విశ్వాసం చాల్లేదు' అంది. మా చర్చిలో శుక్రవారం స్త్రీల ప్రార్థన నడిపించేది నేనే. ఇప్పుడు మోకాళ్లూనితే ఒక్క మాట రావడం లేదు, ఏడుపొస్తోంది. ఏడిస్తే 'ప్రభువు దగ్గర ఉన్నాడు, ఏడవకూడదు' అంటున్నారు. తలుపు వెనక మేకుకి ఆయన ఖాకీ చొక్కా అలాగే ఉంది, ఉతకలేదు. జేబులో టోల్‌గేటు రసీదు కూడా ఉంది. 13 ఏళ్ల మా బాబు చర్చికి రానంటున్నాడు. 'ప్రార్థన చేస్తే నాన్న బతికాడా?' అని అడిగాడు. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో నన్ను సాక్ష్యం చెప్పమంటున్నారు. నేనూ ఆయన దగ్గరికి వెళ్లిపోతే బాగుండు అనిపిస్తోంది. నాకు ప్రార్థన మళ్లీ నేర్పండి."

చెల్లెమ్మా, ముందు మీ చివరి మాటల దగ్గరే ఆగుతాను. "ఆయన దగ్గరికి వెళ్లిపోతే బాగుండు" అన్నారు. భర్త పోయిన ఆడవాళ్లు చాలామంది ఈ మాట అంటారు. ఎక్కువసార్లు దాని అర్థం "ఆయన లేకుండా ఈ రాత్రి గడవడం లేదు" అనే. కానీ అది ఎలా వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి అనే ఆలోచన దాకా వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకండి. మీ అమ్మకో, పాస్టరమ్మకో ఉన్నది ఉన్నట్టు చెప్పి ఆ రాత్రి వాళ్లని మీ దగ్గర పడుకోమనండి. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. నిద్ర, తిండి రెండూ తప్పి ఉంటే డాక్టరుకి చూపించుకోండి. దేవుడి మీద ఆధారపడిన మనిషికి డాక్టరు ఎందుకు అని ఎవరైనా అంటే వినకండి. మీ ఆయన నొప్పికి మందు ఇప్పించారు కదా, మీ నొప్పికి కూడా ఇప్పించుకోండి.

ఇక మీ ఆడపడుచు మాట. ఆవిడా తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకుంది. ఆ బాధలో ఎవరో ఒకరి మీద తప్పు వేస్తే తప్ప ఊపిరాడనట్టు అనేసి ఉంటుంది. అంతవరకు అర్థం చేసుకోగలను. కానీ ఆ మాట తప్పు. బైబిలు ప్రకారమే తప్పు. యోహాను సువార్త 11వ అధ్యాయం తీసి చూడండి. చనిపోయిన లాజరుని యేసు లేపాడు, లాజరు బతికాడు. ఎవరి విశ్వాసం వల్ల? లాజరు సమాధిలో ఉన్నాడు, అతనికి నమ్మే ప్రాణమే లేదు. సమాధి మీది రాయి తీయమని యేసు అంటే, లాజరు తోడబుట్టిన మార్త ఏమంది? నాలుగు రోజులైంది ప్రభువా, వాసన కొడుతుంది అంది. ఆ మాట అన్న ఆవిడ తోడబుట్టినవాడే లేచాడు. విశ్వాసాన్ని తూకం వేసి, తూగినవాళ్లకి ప్రాణం ఇచ్చే లెక్క అక్కడ లేదు. మీ 40 రోజుల ఉపవాసం తక్కువై మీ ఆయన పోలేదమ్మా. లివర్‌కి పాకిన క్యాన్సర్ వల్ల పోయారు.

ఆ దైవజనుడి సంగతి కూడా చెప్పాలి. ఆయన మీ ఆయన కోసం ప్రార్థించడం మంచిదే. "వచ్చేసింది" అని దేవుడి తరఫున మాట ఇవ్వడం మంచిది కాదు. ఆ మాట నిలబడకపోతే పర్యవసానం ఆయన మీద పడలేదు, మీ మీద పడింది. నాకు దీనిమీద కోపం ఉంది, దాచుకోను. రోగి మంచం దగ్గర నిలబడి ఇలాంటి మాటలిచ్చేవాళ్లు తర్వాత ఆ ఇంటి ఆదరణ కూడికలో కనపడరు.

ఏడవకూడదు అన్నవాళ్లకి అపొస్తలుడు పౌలు మాట గుర్తుండి ఉంటుంది: "నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము." ఆ వాక్యంలో సగమే పట్టుకుంటున్నారు. థెస్సలొనీకలో సొంతవాళ్లు చనిపోతే కుమిలిపోతున్నవాళ్లకి ఆయన ఆ ఉత్తరం రాశాడు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు గానీ దుఃఖమే వద్దనలేదు. అదే పౌలు ఫిలిప్పీ సంఘానికి రాస్తూ, తన స్నేహితుడు ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లి బతికాడనీ, తనకి "దుఃఖముమీద దుఃఖము" కలగకుండా దేవుడు కరుణించాడనీ చెప్పుకున్నాడు. అతను పోయి ఉంటే పౌలు ఏడ్చేవాడనే కదా! స్తెఫనుని సమాధి చేసి భక్తిగల మనుషులు ఎంతో ఏడ్చారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఆకాశం తెరుచుకోవడం కళ్లారా చూస్తున్నానని చెప్పి చనిపోయినవాడు స్తెఫను. అతను ఎక్కడికి వెళ్లాడో వాళ్లకి అనుమానమే లేదు. అయినా ఏడ్చారు.

యేసు కూడా అంతే. ఇంకాసేపట్లో లాజరుని లేపబోతున్నాడు. ఆ సంగతి ఆయనకి తెలుసు. అయినా మార్త తోడబుట్టిన మరియ ఏడవడం చూసి ఏడ్చాడు. కాబట్టి ఏడుపు ఆపిన తర్వాత ప్రార్థన మొదలుపెడదామని చూడకండి.

ప్రార్థన నేర్పమన్నారు. శిష్యులూ అదే అడిగారు, "ప్రభువా, మాకును ప్రార్థనచేయ నేర్పుము" అని. వాళ్లు చిన్నప్పటి నుంచి కీర్తనలు వింటూ పెరిగినవాళ్లు. అంటే అది ఒకసారి వచ్చేస్తే ఇక పోదు అనే విద్య కాదు. మీరు పదేళ్లు నడిపించినా ఇప్పుడు మళ్లీ మొదటి తరగతిలో కూర్చోవచ్చు, సిగ్గేమీ లేదు.

మన సంఘాల్లో ప్రార్థన అంటే గట్టిగా, ధారగా, మధ్యలో ఆగకుండా చేయాలని ఒక అలవాటు పడిపోయింది. నడిపించేవాళ్లకి ఇంకా టెన్షన్. అందుకే మాట ఆగిపోగానే ప్రార్థనే ఆగిపోయిందని మీకు భయమేసింది. మనం ఎలా ప్రార్థించాలో మనకి తెలియనప్పుడు "ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో" ఆత్మే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రికలో ఉంది. లాజరు సమాధి దగ్గర యేసు కూడా ఆత్మలో మూలిగాడని యోహాను రాశాడు. ఆ చొక్కా దగ్గర నిలబడి మీరు పెట్టే మూలుగు, మీకు తెలియకపోయినా, ప్రార్థనే.

మా అమ్మ పోయినప్పుడు నాకు 29. చాలా నెలలు నాకూ నోరు రాలేదు. రాత్రి గిన్నెలు తోముతూ, యేసు శిష్యులకి నేర్పిన ప్రార్థనే, "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టేదాన్ని, అక్కడే ఆగిపోయేదాన్ని. ఒకరోజు ఆ "మా" నాకు వినపడింది. వంటింట్లో ఒక్కదాన్నే ఉండి "నా తండ్రీ" అనకుండా "మా తండ్రీ" అంటున్నానేమిటి అనుకున్నాను. ఈ ప్రార్థన ఒంటరిగా చేసినా ఒంటరి మాటల్లో ఉండదు. ఎక్కడో ఇంకెవరో కూడా అదే అంటుంటారు, మనకి గొంతు పోయినప్పుడు వాళ్ల గొంతు మనకి సాయం. మీరూ దీంతోనే మొదలుపెట్టండి. రోజుకి ఒక్క వాక్యం, అంతకంటే వద్దు. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" దగ్గర మాత్రం కొన్ని రోజులు ఉండిపోండి. వచ్చే ఏడు బాబు ఫీజు, ఆసుపత్రి కోసం తెచ్చిన అప్పు, ఇవన్నీ ఒకేసారి మీద పడుతుంటాయి కదా. ఈ వాక్యం నేటి మెతుకు దాకానే అడగమంటోంది. (అడగడమంటే దేవుణ్ణే కాదు, సచివాలయంలో కూడా అడగండి. వితంతు పింఛనుకి దరఖాస్తు పెట్టారా? లేకపోతే మరణ ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు తీసుకుని ఈ వారమే వెళ్లండి.)

"నీ చిత్తము నెరవేరును గాక" దగ్గర నోరు ఆగితే ఆగనివ్వండి. యేసు కూడా పట్టుబడే రాత్రి గెత్సేమనే తోటలో ఆ మాట కంటే ముందు "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అన్నాడు. తిరిగి తిరిగి అదే ప్రార్థన చేశాడు. మీరు మొదటి సగం దగ్గరే ఉన్నారు, ఉండండి. ఆడపడుచుని క్షమించే వాక్యం వచ్చినప్పుడు కూడా ఇంతే, తొందరేమీ లేదు.

ఇంకా మాటలు కావాలంటే కీర్తనల గ్రంథం నుంచి అప్పు తెచ్చుకోండి. 13వ కీర్తన "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని నిలదీస్తూ మొదలవుతుంది. 88వది ఇంకా కఠినం. అందులో చివరికి కూడా వెలుగు రాదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. అలా మాట్లాడినవాణ్ణి దేవుడు అవిశ్వాసి అనలేదు. మార్త కూడా ఎదురుగా నిలబడి "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అంది. కబురు పంపితే ఆయన ఉన్నచోటే ఇంకో రెండు రోజులు ఉండిపోయాడు మరి. ఆ నిష్ఠూరానికి జవాబుగానే "పునరుత్థానమును జీవమును నేనే" అన్న మాట వచ్చింది. మీకు దేవుడి మీద కోపం ఉంటే ఆయనతోనే అనండి, ఆయన వెనక అనకండి.

మాది ఒంగోలు. అక్కడ ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికన్ మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ప్రార్థించారు. తెలుగు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ నడుస్తున్న రోజులవి. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చెప్పేవాళ్లంతా ఆ సంఖ్య దగ్గరికి పరుగెడతారు. మధ్యలో 24 ఏళ్లున్నాయి, 1876లో మొదలైన మహా కరువు ఉంది. నాకైతే ఆ అయిదుగురే గుర్తొస్తారు. ఆ చీకట్లో వాళ్ల చేతిలో ఏ సంఖ్యా లేదు.

లాజరు తర్వాత మళ్లీ చనిపోయాడు కదా అని నన్ను చాలామంది అడుగుతారు. చనిపోయే ఉంటాడు. అందుకే మన నిరీక్షణ లాజరు తిరిగి రావడం మీద లేదు. ఈస్టర్ నాడు లేచిన యేసు మళ్లీ చనిపోడు, మన నిరీక్షణ అక్కడుంది. ఆయన నీడలాగా, ఆత్మలాగా రాలేదు. చేతుల్లో గాయాలతో వచ్చాడు. కాల్చిన చేప ముక్క ఇస్తే శిష్యుల ముందే తిన్నాడు. మేఘాల్లో ఎక్కడో తేలే ప్రాణం గురించి కాదు మనం ఆశపడేది. ఏళ్ల తరబడి స్టీరింగు పట్టిన ఆ చేతుల గురించే. పౌలు దాన్ని విత్తనంతో పోల్చాడు, వేసింది ఒకటి, మొలిచేది ఇంకా గొప్పది. అక్కడ మరణాన్ని ఆయన మంచిదనలేదు, దేవుడి ప్లాన్ అని సర్దిచెప్పలేదు. "కడపట నశింపజేయబడు శత్రువు" అన్నాడు. మీ ఇంట్లోకి వచ్చింది శత్రువేనమ్మా. దాన్ని శత్రువు అని పిలవడానికి మీకు హక్కుంది.

బాబుకి అబద్ధం చెప్పకండి. "లేదు నాన్నా, బతకలేదు. నేనూ దేవుణ్ణి అదే అడుగుతున్నాను" అనండి. చర్చికి రమ్మని బలవంతం చేయకండి, రాలేదని బంధువుల ముందు అనకండి. వాడు అడిగింది మార్త అడిగిన ప్రశ్నే, వయసు మాత్రం 13. చొక్కా ఉతకాలో వద్దో కూడా మీ ఇద్దరూ కూర్చుని అనుకోండి. ఉతకకపోయినా పర్లేదు. ఆ రసీదు వాడికి కావాలేమో అడగండి.

శుక్రవారం కూడికకి వెళ్లండి, నడిపించొద్దు. "కొన్నాళ్లు నా కోసం మీరు చేయండి" అని చెప్పి చాప మీద వెనగ్గా కూర్చోండి. ఈస్టర్ సాక్ష్యం చెప్పనని పాస్టరుగారికి ఇప్పుడే చెప్పేయండి. ఆయన మరీ అడిగితే యోహాను 11:21 నుంచి 35 దాకా చదివి కూర్చుంటానని చెప్పండి.

తోటకి మాత్రం వెళ్లండి. ముందు రోజు సాయంత్రం బాబుని సమాధికి సున్నం వేయడానికి రమ్మని అడగండి. ప్రార్థన అనకండి, పని అనండి. మా నాన్నమ్మ నన్ను అలాగే తీసుకెళ్లేది. మొదట గడ్డి పీకించేది, తర్వాత బకెట్లో సున్నం కలిపించేది, పేరు ఉన్న చోట తడి గుడ్డతో తుడిపించేది. అక్షరాల సందుల్లో మన్ను ఉంటుంది, అది వేలితో తీయాలి. ఆ పని చేస్తున్నంతసేపూ ఆవిడేమీ మాట్లాడేది కాదు. తెల్లారితే వాడు వస్తాడో రాడో వాడి ఇష్టానికి వదిలేయండి. వస్తే కొవ్వొత్తి వాడి చేతికే ఇచ్చి కొబ్బరి చిప్పలో నిలబెట్టమనండి. ఆ వేళకి గాలి ఉంటే ఒత్తి ఊరికే ఆరిపోతుంది.