మాట్లాడితే తగ్గుతుందా అని అడిగిన చిత్తూరు తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంట్లో గొడవల మధ్య పెరిగావు. ఇప్పుడు 27 ఏళ్ళు, ఉద్యోగం ఉంది, అయినా రాత్రయితే గుండె బరువెక్కి నిద్ర పట్టదు. డాక్టరు మాత్రలు రాసి సైకోథెరపీకి, అంటే మాటలతో చేసే మానసిక చికిత్సకు కూడా వెళ్ళమన్నారు. "ఊరికే మాట్లాడితే ఏం తగ్గుతుందక్కా? ఎన్నాళ్ళు వెళ్ళాలి? అమ్మకు చెప్పాలా?" అని అడిగావు. నేను తిరుపతిలో టీచర్ని. 2019లో మొదలుపెట్టి రెండున్నరేళ్ళు వెళ్ళాను. నాకు జరిగింది చెబుతాను.

మొదటి నెలలోనే తేలికైపోతుందని అనుకోకు. నాకైతే తొలి ఆరు వారాలు బరువు ఇంకా పెరిగింది. ఏళ్ళ తరబడి కదిలించని విషయాలు కదిలిస్తాం కదా, మరి. సెషన్ అయ్యాక నేరుగా ఇంటికి పోలేక కపిలతీర్థం కోనేటి మెట్ల మీద అరగంట కూర్చుని వెళ్ళేదాన్ని. నువ్వూ సెషన్ అయిన వెంటనే డ్యూటీకి పరుగెత్తేలా పెట్టుకోకు. ఒక్క విషయం మాత్రం ఓర్చుకోవద్దు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే వచ్చే వారం దాకా ఆగకు, ఆ రోజే డాక్టరుకు చెప్పు. 14416 టెలిమానస్ నంబరు, మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

నేను థెరపీ దాకా వెళ్ళడానికే చాలా కాలం పట్టింది. గుండె దడ అని ఈసీజీ తీయించుకున్నాను, థైరాయిడ్ చూపించుకున్నాను, అన్నీ నార్మల్. పెద్దమ్మ కొండకు నడిచి వెళ్ళమంది. అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కాను. దర్శనం చేసుకున్నంతసేపూ మనసు నిజంగా కుదుటపడింది. ఆ ప్రశాంతత నాకు అవసరమే, ఇప్పటికీ వెళ్తాను. కానీ కిందికి దిగి ఇంటి తలుపు తీసేసరికి అదే దడ. తర్వాత చూపించుకున్న ఒక డాక్టరు ఐదు నిమిషాల్లో మాత్రలు రాసి పంపేశారు. మాత్రలతో నిద్ర పట్టింది, ఏడుపు తగ్గలేదు. ఇంకో డాక్టరు మాత్రలు కొనసాగిస్తూనే ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. థెరపీ మొదలైంది కదా అని నీ మాత్రలు నువ్వే మానేయకు. మోతాదు మార్చినా, ఆపినా అది రాసిన డాక్టరే చేయాలి.

లోపల ఏం జరుగుతుందంటే, వారానికి ఒకసారి, ముప్పావు గంటో యాభై నిమిషాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడమే. మొదటి రెండు మూడు సార్లు ఇల్లు, చదువు, నిద్ర, ఆకలి ఇలాంటివి అడుగుతారు. నేను సలహాల కోసం నోటుబుక్ పట్టుకుని వెళ్ళాను. మేడం సలహాలు ఇవ్వలేదు. "అది చెప్తున్నప్పుడు మీకు ఎక్కడ పట్టేసినట్టుంది?" అని అడిగేవారు. గొంతులో అనేదాన్ని. "కాసేపు అక్కడే ఉందాం" అనేవారు. ఇదేం వైద్యం అనిపించేది. కొందరు ఇంటికి అభ్యాసాలు కూడా ఇస్తారు. టెన్షన్ వచ్చినప్పుడు మనసులో ఏ మాట తిరిగిందో రాసుకురమ్మంటారు. అలాంటి పద్ధతిలో కొన్ని నెలల్లోనే తేడా కనబడేవాళ్ళున్నారు. చిన్ననాటి నుంచి పాతుకుపోయిన బాధకు మాత్రం ఎక్కువ కాలం పట్టవచ్చు.

ఇప్పుడు నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది. మూడో నెలలో ఒకరోజు మేడం "వచ్చే రెండు వారాలు సెలవులో ఉంటాను" అన్నారు. "పర్లేదు మేడం" అన్నాను. బయటికొచ్చి స్కూటీ తాళం పెట్టబోతే చెయ్యి వణికింది. ఎంత కోపమంటే, ఆమె తిరిగొచ్చాక కూడా నెల రోజులు పోలేదు, ఫోన్ తీయలేదు. డబ్బు దండగ అని మా ఆయనకు చెప్పాను. చివరికి వెళ్ళి, తల దించుకునే "మీరు సెలవు పెట్టినందుకు నాకు కోపం వచ్చింది" అన్నాను. ఆమె సంజాయిషీ ఇవ్వలేదు, నొచ్చుకోలేదు. "ఆ రోజు పర్లేదు అనకుండా ఉంటే ఏమని ఉండేవారు?" అని అడిగారు.

"పోవద్దు" అన్నాను. అనగానే ఏడుపు ఆగలేదు. నాకు పదకొండేళ్ళప్పుడు మా నాన్నను మద్రాసు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, జీపు ఎక్కుతూ "రెండు రోజుల్లో వచ్చేస్తానమ్మా" అన్నారు. "పర్లేదు నాన్నా" అన్నాను. తిరిగి రాలేదు. నన్ను పలమనేరులో పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. ఎవరికీ బరువు కాకూడదని ఆ ఇంట్లో ఎప్పుడూ ఏడవలేదు. ఇదంతా నాకు తెలియని కథ కాదు, మొదటి రోజే మేడంకు చెప్పాను, వార్త చెప్పినట్టు చెప్పాను. ఆమె మీద కోపం వచ్చాకే అది నాకు తగిలింది.

అందుకే చెబుతున్నాను తమ్ముడూ. మానేయాలనిపించిన రోజు, వాళ్ళ మీద కోపం వచ్చిన రోజు, సిగ్గేసిన రోజు, ఆ సంగతే వాళ్ళ ముందు చెప్పు. మనం ఇంట్లో ఎలా ఉండటం నేర్చుకున్నామో ఆ గదిలోనూ అలాగే ఉంటాం. అది బయటపడేది ఇలాంటప్పుడే. అలా చెప్పినప్పుడు కసురుకున్నా, నీదే తప్పు అన్నా, ఇంకొకరిని వెతుక్కో. అందరూ అందరికీ కుదరరు.

2020లో లాక్‌డౌన్ వచ్చాక ఫోన్‌లోనే సెషన్లు. ఇంట్లో చాటు లేక మిద్దె మీద సింటెక్స్ ట్యాంకు వెనక కూర్చుని మాట్లాడేదాన్ని. అక్కడా ఏడ్చాను, కానీ అప్పటికి ఏడ్చాక నిద్ర పట్టేది. బాబు మీద విసుక్కోవడం తగ్గిందని ముందు గమనించింది మా ఆయనే. నాన్న గుర్తొస్తే ఇప్పటికీ బాధే, దడ మాత్రం రాదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలో చూసుకో. కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగడం తప్పు కాదు. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంది. చిత్తూరు నుంచి వేలూరు దగ్గరే కాబట్టి బాగాయంలోని సీఎంసీ మానసిక ఆరోగ్య కేంద్రం కూడా చూడొచ్చు. ఫీజు, ఎన్నిసార్లు రావాలి, మధ్యలో ఫోన్ చేయొచ్చా, ఇవన్నీ మొదటి రోజే అడిగేయి.

అమ్మకు చెప్పాలా అన్నావు. అది నీ ఇష్టం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నీ విషయాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం లాంటి పరిస్థితుల్లో మాత్రం వాళ్ళు అవసరమైనంత వరకు చెప్పవచ్చు. నేను ఎనిమిది నెలల దాకా మా అమ్మకు చెప్పలేదు, అది నాకు మంచే చేసింది.

మొదటి రోజు నోరు పెగలకపోతే కంగారుపడకు. ఇక్కడ రాసిన ప్రశ్ననే ఫోన్ తీసి వాళ్ళకు చదివి వినిపించు. రాత్రయితే గుండె బరువెక్కుతుందని రాశావే, వాళ్ళు అక్కడి నుంచే మొదలుపెడతారు.