మంచి జరిగినా సంతోషం రావడం లేదు, నేను కృతఘ్నుడినా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మియాపూర్‌లో ఉంటాం. గచ్చిబౌలిలో ఒకే కంపెనీలో 16 ఏళ్లు పనిచేశాను. నిరుడు జూన్‌లో పావుగంట వీడియో కాల్ పెట్టి తీసేశారు. తేరుకోకముందే, పెత్రమాసకి నాలుగు రోజుల ముందు నాన్న పోయారు. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను. మా ఆవిడ ఇంట్లో ట్యూషన్లు మొదలుపెట్టింది. బావమరిది అడక్కుండానే రెండు నెలల ఇంటి ఈఎంఐ, మొత్తం 62 వేలు కట్టాడు. పాత సహోద్యోగి ఒకరు నా రెజ్యూమె నలుగురికి పంపితే ఫిబ్రవరిలో వేరే ఉద్యోగం దొరికింది, జీతం మూడో వంతు తక్కువ. ఈమధ్యే పాపకి ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఇంట్లో అందరూ సంబరపడుతుంటే నాకు 'మధ్యలో ఫీజు కట్టలేకపోతే' అన్న ఆలోచన తప్ప ఇంకేం రాలేదు. చుట్టాలు 'అంతా మన మంచికే' అంటారు. 'గ్రాట్యుటీ ఇచ్చారు కదా, ఆ కంపెనీకి రుణపడి ఉండాలి' అంటాడు మా అన్నయ్య. మా ఆవిడ ఒక నోట్‌బుక్ ఇచ్చి, రోజూ కృతజ్ఞతగా పది విషయాలు రాయమంది. ఆరోగ్యం, ఇల్లు, కుటుంబం అని నలభై రోజులు రాశాను. ఇప్పుడు ఆ పుస్తకం చూస్తేనే ఒళ్లు మండుతోంది. నాన్న పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఆయన ఇల్లు ఎలా నెట్టుకొచ్చారో గానీ, మమ్మల్ని ఒక్క పూటా పస్తుంచలేదు. ఆయనలో ఉన్నది నాలో లేదేమో. నేను కృతఘ్నుడినా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కాదు. రుజువు మీ ఉత్తరంలోనే ఉంది. ట్యూషన్లు మొదలుపెట్టిన భార్య, అడక్కుండా ఆదుకున్న బావమరిది, రెజ్యూమె పంపిన సహోద్యోగి. ఎవరు ఏం చేశారో, ఎంత చేశారో లెక్కతో సహా మీకు గుర్తుంది. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగిన. చేసిన మేలు ఎరిగి ఉన్నవాడు కృతజ్ఞుడు. వాడు సంతోషంగా కూడా ఉండి తీరాలని ఆ మాటలో ఎక్కడా లేదు.

ఆ నోట్‌బుక్ ఎందుకు పని చేయలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. 'ఆరోగ్యం', 'ఇల్లు' అని రాసినప్పుడు అందులో చేసినవాళ్లూ లేరు, చేసిన పనీ లేదు. మనసు పట్టుకోవడానికి ఏదీ దొరకదు. పైగా రోజుకి పది! నాలుగో రోజుకే సరుకు అయిపోయి, నిన్నటివే మళ్లీ రాస్తారు. అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా 2003లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధనలో, మొదటి ప్రయోగానికి అడిగింది వారానికి ఒకసారి, ఐదు విషయాల వరకే, పది వారాల పాటు. ఆ తర్వాత సోన్యా లుబోమిర్‌స్కీ బృందం చేసిన పోలికలో వారానికి ఒకసారి రాసినవారికి మేలు జరిగింది, మూడుసార్లు రాసినవారికి అంతగా కనిపించలేదు. మీ ఆవిడ ఉద్దేశంలో లోపం లేదు, మోతాదులో ఉంది.

ఇక 'అంతా మన మంచికే'. రాజుగారి వేలు తెగిన కథ మనందరికీ తెలుసు. ఆ కథలో ఎవరూ పట్టించుకోని సంగతొకటి ఉంది. మంత్రి ఆ మాట రాజుతో అన్నందుకు జైలుకి పోయాడు. జైల్లో తన గురించి తాను అదే మాట అనుకున్నప్పుడు మాత్రం ఎవరూ తప్పు పట్టలేదు. దెబ్బ తిన్నవాడు ఏదో ఒక రోజు తనంతట తాను అనుకుంటే అది అతని మాట. పక్కవాడు ముందే అనేస్తే, 'నీ ఏడుపు ఇక చాలించు' అన్నట్టే వినిపిస్తుంది. మీకు ఒళ్లు మండటంలో వింతేమీ లేదు.

కష్టం తర్వాత మనిషి ఎదుగుదల మీద ఎక్కువగా పనిచేసిన రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్‌హౌన్ 1996లో 21 ప్రశ్నల కొలమానం ఒకటి ఇచ్చారు. వారు చూసేవి ఐదు: మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు, తన బలం తనకి తెలియడం, ఆధ్యాత్మికంగా వచ్చిన మార్పు, బతుకు విలువ తెలియడం. వాళ్లు పదేపదే చెప్పిన విషయం ఏమిటంటే, ఎదుగుదలని ఇచ్చేది ఆ కష్టం కాదు, దానితో మనిషి పడే పెనుగులాట. బాధా ఎదుగుదలా ఒకే మనిషిలో ఒకేసారి ఉండొచ్చు కూడా. కాబట్టి ఉద్యోగం పోవడం మంచిదని మీరు ఒప్పుకోనవసరం లేదు. గ్రాట్యుటీ సంగతి కూడా అంతే. ఐదేళ్ల సర్వీసు దాటిన ఉద్యోగికి అది చట్టం ఇచ్చిన హక్కు. పదహారేళ్ల మీ పనికి రావలసిన డబ్బు వచ్చింది. అన్నయ్యగారితో వాదించకండి, మీలో మీరు మాత్రం స్పష్టంగా ఉండండి.

ముందు చేయవలసింది ఆ వీడియో కాల్‌ని మనసులోంచి కాగితం మీదికి దించడం. వరుసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు. అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1980ల నుంచి పరీక్షిస్తూ వచ్చిన పద్ధతి ఇది. ఫోన్‌లో కాకుండా చేత్తో రాస్తే మంచిది, వచ్చే నోటిఫికేషన్లు ఆ పావుగంటనీ తినేస్తాయి. అక్షర దోషాలు చూసుకోవద్దు, కొట్టివేయొద్దు, ఎవరికీ చూపించొద్దు. జరిగింది, అప్పుడు ఏమనిపించింది, ఇప్పుడేమనిపిస్తోంది అన్నీ రాయండి. తిట్లు వస్తే తిట్లే రాయండి. రాశాక ఓ గంటో రెండు గంటలో మనసు మరింత బరువుగా ఉంటుంది. అందుకని పడుకునే ముందు వద్దు. ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేశాక, భోజనానికి ముందైతే కుదురుతుంది. చాలామంది తప్పు చేసేది ఎక్కడంటే, నాలుగు రోజులూ ఒకే కథని ఒకేలా రాస్తారు. అది నెమరువేతే అవుతుంది. మూడో రోజు నుంచి 'ఎందుకంటే', 'ఇప్పుడు చూస్తే తెలుస్తోంది' అన్న మాటలు మీ వాక్యాల్లోకి రానివ్వండి. రాసేవాళ్లలో అలాంటి మాటలు రోజురోజుకీ పెరిగినప్పుడు మేలు ఎక్కువగా కనిపించిందని పెన్నెబేకర్ బృందమే గమనించింది. ఈ నాలుగు రోజులూ ఉద్యోగం గురించే రాయండి, నాన్నగారి విషయం ఇందులో కలపొద్దు. రాస్తుంటే ఊపిరాడనట్టయితే ఆపేసి లేచి నడవండి. పూర్తి చేసి తీరాలన్న నియమం లేదు.

నాలుగు రోజులయ్యాక ఒక పేజీని మూడు నిలువు గళ్లుగా గీయండి. మొదటి గడిలో జరిగింది. ఇక్కడ మంచి, చెడు అన్న తీర్పు రాయకూడదు. 'జూన్‌లో తీసేశారు', అంతే. రెండో గడిలో మీరు చేసింది. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నానని రాశారు, ఖాళీగా ఉన్న మనిషికి ఇంటర్వ్యూలు ఎవరూ ఇవ్వరు. ఎన్ని చోట్ల అడిగారు, ఏ ఖర్చు ఆపారు, తగ్గిన జీతానికి ఒప్పుకునే ముందు ఎన్ని రాత్రులు లెక్కలు వేసుకున్నారు, అవన్నీ ఈ గడిలోకి వస్తాయి. తండ్రి పోయిన ఇంట్లో కర్మకాండ నడిపించింది కూడా ఈ ఎనిమిది నెలల్లోనే. మూడో గడిలో తోడు వచ్చినవాళ్లు. ఎదుగుదల కోసం రెండో గడిలో, కృతజ్ఞత కోసం మూడో గడిలో వెతకండి. మొదటి గడిలో వెతికితే రెండూ దొరకవు. మీ చుట్టాలు మిమ్మల్ని అక్కడే వెతకమంటున్నారు.

మూడో గడి నిండాక నోట్‌బుక్ మళ్లీ తీయొచ్చు. ఆదివారం మాత్రమే, మూడు వాక్యాలు మాత్రమే. ప్రతి వాక్యంలో ఒక మనిషి, ఒక పని, ఆ పని వల్ల ఆ మనిషికి పడ్డ శ్రమ లేదా ఖర్చు ఉండాలి. 'నా భార్య దొరకడం నా అదృష్టం' అని రాస్తే అది పెళ్లిరోజు కార్డు. 'సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా పిల్లలకి చెప్పి, ఆ గొంతుతోనే మళ్లీ వంటింట్లోకి వెళ్తోంది' అని రాస్తే ఆ మనిషి మీకు కనిపిస్తుంది. వేళలు నా ఊహ, అసలైనవి మీరు వేసుకోండి. ఏ వారమైనా మూడు దొరక్కపోతే ఒకటే రాయండి. 'పక్కింటాయన కంటే మనం నయం' లాంటి పోలికలు మాత్రం వద్దు. ఆ పూటకి ఊరట ఇచ్చినా, పక్కింటాయన స్థానంలో రేపు మనమే ఉంటామేమోనన్న భయాన్ని అవే పెంచుతాయి. ఇప్పటికే మీకు ఆ భయం కావలసినంత ఉంది.

బావమరిది 62 వేల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కృతజ్ఞతకి అడ్డుపడే వాటిలో పెద్దది సిగ్గు. అల్లుడి స్థానంలో ఉండి అత్తింటివాళ్ల డబ్బుతో ఈఎంఐ కట్టించుకోవడం మన ఇళ్లలో చిన్న విషయం కాదు. అతను ఎదురుపడితే తల దించుకోవడం, ఇంటికొస్తున్నాడంటే పని కల్పించుకుని బయటికి వెళ్లడం మొదలైతే, అది కృతజ్ఞత లేకపోవడం కాదు, తీరని బాకీ. బాకీని బాకీగానే చూడండి. నెలకి 5 వేల చొప్పున అయితే పన్నెండు నెలల్లో 60 వేలు, పదమూడో నెల 2 వేలతో పూర్తి. 'వద్దు బావా' అని అతను అనొచ్చు. 'నీ కోసం కాదు, నా నిద్ర కోసం' అని చెప్పి జీతం పడ్డ మర్నాడు పంపండి. డబ్బు తీరే కొద్దీ అడక్కుండా చేశాడన్న విషయం విడిగా మిగులుతుంది. దాన్ని ఏ యూపీఐతోనూ తీర్చలేం, తీర్చక్కర్లేదు కూడా.

థ్యాంక్స్ ఎలా చెప్పాలన్న ఇబ్బంది ఉంటుంది. మన ఇళ్లలో సొంతవాళ్లకి థ్యాంక్స్ చెబితే 'మనలో మనకి ఇదేంటి' అని కొట్టిపారేస్తారు, కొందరు నొచ్చుకుంటారు కూడా. అందుకని మొహం మీద చెప్పడం కంటే నలుగురిలో చెప్పడం బాగా పనిచేస్తుంది. అత్తగారు ఉన్నప్పుడు, 'నవంబరులో వీడు అడక్కుండా కట్టకపోయుంటే బ్యాంకువాళ్ల ఫోన్లతో చచ్చేవాణ్ని' అనండి. నెల, పని, జరగబోయి తప్పిన నష్టం, ఈ మూడూ అందులో ఉండాలి. సహోద్యోగి విషయం తేలిక. చాయ్‌కి పిలిచి, పంపిన నాలుగింటిలో ఏది పనికొచ్చిందో చెప్పండి. సాయం చేసినవాళ్లకి చాలాసార్లు తెలియనిది అదే.

ఇప్పుడు పాప సీటు. ఏడాదికి పైగా మీ మనసు కాపలా కాస్తోంది. ఎప్పుడు ఏం ఊడిపోతుందోనని చూసే కన్ను, వచ్చినదాన్ని చూడలేదు. భయంలో కొంత నిజం ఉంది, దాన్ని అంకెలోకి మార్చండి. నాలుగేళ్ల ఫీజు ఎంత, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అర్హత ఉందా, లేకపోతే విద్యారుణం ఎంత వస్తుంది, ఇంటి ఖర్చు ఎన్ని నెలలకి చేతిలో ఉంది, ఇవన్నీ ఒక పేజీలో పడతాయి. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టడం గురి. అది ఒక్కసారి కాదు, నెలనెలా రికరింగ్ డిపాజిట్‌తో వస్తుంది. అంకె దొరికాక మిగిలే భయం చిన్నది.

సీటు వచ్చిన రోజు మీ ముఖం పాప చూసే ఉంటుంది. దాన్ని సరిచేయడం ఇంకా మీ చేతిలోనే ఉంది. 'కంగ్రాట్స్' అని సరిపెట్టకండి, ప్రశ్నలు అడగండి. అలాట్‌మెంట్ చూసేటప్పుడు పక్కన ఎవరున్నారు, ఆప్షన్లు ఏ వరుసలో పెట్టింది, ఎందుకలా పెట్టింది. చెబుతున్నప్పుడు ఫీజు మాట ఎత్తొద్దు, సలహా ఇవ్వొద్దు, ఫోన్ బోర్లా పెట్టండి. మంచి వార్త చెప్పినప్పుడు అవతలివాళ్లు ఆసక్తిగా తిరిగి అడిగితే, ఆ మంచి చెప్పినవాళ్లలో ఇంకా గట్టిపడుతుంది. వింటున్నవాళ్లకీ కొంత అంటుకుంటుంది. ఆ తర్వాత ఆ సీటు ఎందుకు వచ్చిందో ఇద్దరూ కలిసి రాయండి. ఇంట్లో ఉద్యోగం పోయి, తాతయ్య పోయిన ఏడాదిలో ఆ పిల్ల ఏం చేసి నిలబడింది? చెడు గురించి వెయ్యిసార్లు కారణాలు తవ్వుతాం, మంచిని మాత్రం అదృష్టం అని వదిలేస్తాం. అందుకే మంచి రోజుల నుంచి మనం నేర్చుకునేది తక్కువ.

ఒక హెచ్చరిక. రెండు వారాలకి మించి రోజులో ఎక్కువ భాగం దిగులుగానే ఉన్నా, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, పైవేవీ చేయకుండా ముందు సైకియాట్రిస్టుని కలవండి. డిప్రెషన్‌లో ఉన్న మనిషి చేతిలో కృతజ్ఞతల పుస్తకం తనని తాను తిట్టుకునే పుస్తకమవుతుంది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెబితే మన ఊళ్లో ఇంకా నవ్వుతారు. నవ్వనివ్వండి, ఓపీలో చూపించుకుని మందులతో ఇంటికి రావచ్చు. బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆగకుండా టెలి మానస్ నంబర్ 14416కి చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

నాన్నగారి సంవత్సరీకం, పెత్రమాస ఇప్పుడు వెంటవెంటనే వస్తున్నాయి. ఆ వారంలో కోపం, ఏడుపు మళ్లీ పైకి రావచ్చు, వెనక్కి పోతున్నానని కంగారుపడొద్దు. వీలైతే ముందే సెలవు పెట్టుకోండి. స్వయంపాకం ఇచ్చి వచ్చాక ఓ మధ్యాహ్నం అమ్మగారి దగ్గరో, ఆమె లేకపోతే నాన్నగారి స్నేహితుల దగ్గరో కూర్చోండి. ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది ఆయన పొద్దున్నే ఎక్కడికి వెళ్లేవారు, ఎవరి దగ్గర అప్పు చేశారు, ఎలా తీర్చారు, రాత్రుళ్లు నిద్రపోయేవారా అని అడగండి. ఆయనలో ఉన్నది మీలో లేదని రాశారు. ఆయనలో ఏముందో మీరింకా అడగలేదు.